స్ప్రింగు మార్చే ముందు



ఈ వారం మేము రాసేది బండి షాక్‌ల గురించి. పాస్టరుగారికి ఇదేం పని అని మీలో కొందరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. ఇందులో మేము చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని సంఘం ముందు ఒప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాం.

కొన్నేళ్ల కిందటి మాట. మన సంఘంలో ఒక తమ్ముడు వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మెకానికల్ బ్రాంచి. పేరు రాయం, మీలో చాలామందికి ఎలాగూ తెలుసు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల నాయిన మా దగ్గరికి వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, మీరన్న జర చెప్పున్రి వానికి. పత్తి అమ్మిన పైసలల్ల నలభై వేలు కావాల్నట. ఆడే బండికి స్ప్రింగులు కొంటడట."

ఆ ఏడాది పత్తి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కాయ పగిలే వేళకు వాన పడి దూది నల్లబడింది. ఎనుమాముల మార్కెట్‌లో రేటు కోసం రెండు రాత్రులు బస్తాల మీద పడుకుని తెచ్చిన డబ్బు అది. అందులో కొంత షావుకారుకు, కొంత చిన్నబిడ్డ నర్సింగ్ ఫీజుకు. మిగిలింది ఏమీ లేదు. అడిగిన నలభై వేలు ఆ ఫీజు డబ్బే.

మాకు కోపం వచ్చింది. పిల్లవాణ్ణి పిలిచి అడగలేదు. ఆ బండి ఏమిటో, ఆ స్ప్రింగులు ఎందుకో తెలుసుకోలేదు. తరువాతి ఆదివారం ప్రసంగంలో తప్పిపోయిన కుమారుని గురించి చెబుతూ, తండ్రి కష్టార్జితాన్ని ఆటలకు తగలేసే బిడ్డల గురించి గట్టిగా మాట్లాడాం. పేరు చెప్పలేదు. అవసరం కూడా లేకపోయింది. నలభై కుటుంబాల సంఘంలో ఎవరి గురించో అందరికీ అర్థమైంది. తమ్ముడు చివరి పాటకు ముందే లేచి బయటికి వెళ్ళిపోయాడు. తరువాత మూడు ఆదివారాలు రాలేదు.

ఆ మూడో ఆదివారం సాయంత్రం రాయపర్తి వైపు ఒక గృహకూడికకు బండి మీద వెళ్తున్నాం, వెనక పాస్టరమ్మ. రేగడి నేల మీద వేసిన రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, తారు దానితోపాటే లేచి కూర్చుంటుంది. ఒక గుంతలో దిగగానే బండి వెనక "ఠక్" మని ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. పాస్టరమ్మ నడుం పట్టుకుని "దేవా" అంది. బండి ఆపాం. కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అంది:

"ఈ షాక్‌లు పోయినయని నేను మూడేండ్ల సంది చెప్తున్న. మీకు వినపడలె. ఆ పిలగాడు అడిగితే మాత్రం వాడు దుబారా మనిషైండు."

మేము జవాబు చెప్పలేకపోయాం. మరునాడు తమ్ముడికి ఫోన్ చేసి, నీ బండి చూడటానికి వస్తాం, చూపిస్తావా అని అడిగాం. చాలాసేపు మౌనం. "రండి అయ్యగారూ" అన్నాడు.

కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఉంది బండి. ఏటీవీ అన్నారు, అంటే ఆల్ టెరైన్ వెహికల్, ఏ నేల మీదైనా పోయేది. ఇనుప గొట్టాలతో పంజరంలా వెల్డింగ్ చేసిన చట్రం, ఒకే సీటు, లావు టైర్లు. పిల్లలే గీసి, కోసి, అతికి తయారు చేశారు. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2007 నుంచి బాజా ఎస్ఏఈ ఇండియా అనే పోటీ జరుగుతోంది. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైన పోటీకి ఇది మన దేశపు కొమ్మ. దేశం నలుమూలల నుంచి ఇంజినీరింగ్ పిల్లలు తాము కట్టిన బండ్లు తీసుకుని వస్తారు. అప్పట్లో అందరికీ ఒకే రకం చిన్న ఇంజిన్, పది హార్స్‌పవర్‌ది. దాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. డిజైన్ చెప్పాలి, ఖర్చు లెక్క చూపాలి, బ్రేకు పరీక్ష నెగ్గాలి, మెట్ట ఎక్కాలి. చివరన నాలుగు గంటల ఓర్పు పందెం. గుంతలు, దుంగలు, రాళ్లు, బురద, మట్టి దిబ్బల మీదుగా ఆగకుండా తిరగాలి.

"ఇంజిన్ అందరికీ ఒక్కటే కదా అయ్యగారూ. ఎవడు గెలుస్తడంటే గుంతల కాడ బ్రేకు కొట్టనోడు. అది షాక్‌ల చేతిలో ఉంటది. నడిపేది నేనే. పోయిన నెల దిబ్బ మీంచి దిగినప్పుడు కింద తగిలి నాకు కండ్లు చీకట్లు కమ్మినయి."

ఆ మాట అతను ఇంట్లో చెప్పలేదు. నాయిన భయపడతాడని. మేము ప్రసంగపీఠం నుంచి ఆట అన్నది ఆ పిల్లవాడి వెన్నెముక సంగతి. అక్కడే, ఆ షెడ్డులో, అతని స్నేహితుల ముందే క్షమించమని అడిగాం. అతను కంగారుపడి, "అయ్యో అయ్యగారూ, కూర్చోండి" అని ఒక టైరు దొర్లించి వేశాడు. ఆ టైరు మీద కూర్చుని మేము నేర్చుకున్నది మీకు చెబుతాం.

చక్రం దగ్గర రెండు వస్తువులు పనిచేస్తాయి. ఒకటి స్ప్రింగు. ఇది బరువును మోస్తుంది, గుంత దెబ్బను తనలో దాచుకుంటుంది. కానీ దాచుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఒంటరిగా వదిలితే బండి ఎగురుతూనే ఉంటుంది. రెండోది డ్యాంపరు, గొట్టంలో నూనె, నూనెలో చిల్లులున్న పిస్టన్. చిన్న చిల్లుల్లోంచి నూనె కష్టపడి దూరుతుంటే ఆ ఊపు వేడిగా మారిపోతుంది. దెబ్బను మింగేది ఇదే. మనం షాక్ అనేది ఈ రెండింటినీ కలిపి.

పిల్లలు కొనాలనుకున్నవి ఫాక్స్ ఫ్లోట్ అనే అమెరికా షాక్‌లు. వాటిలో ఇనుప స్ప్రింగు ఉండదు, గాలే స్ప్రింగు. తేలికగా ఉంటాయి. చేతిపంపుతో గాలి పెంచి తగ్గించి గట్టిదనం మార్చుకోవచ్చు. నొక్కేకొద్దీ గాలి ఇంకా గట్టిగా ఎదురు తిరుగుతుంది కాబట్టి పెద్ద దెబ్బకు అడుగు తగలదు. నాలుగూ కలిపి లక్షన్నర దాటుతుందని లెక్క వేసుకున్నారు, ఇంటికి నలభై వేలు. వాళ్ల కోరిక తప్పు కాదు. మామూలు షాక్‌లో నాలుగు గంటలు ఆగకుండా కొడితే నూనె కాగి పలచనవుతుంది, గాలితో కలిసి నురుగు కడుతుంది, ఆపే బలం పోతుంది. మంచి షాక్‌లో వాయువు ఒత్తిడి పెట్టి నురుగు రాకుండా చేస్తారు. ఆ డబ్బంతా పేరుకే కాదు, పనికి కూడా.

కానీ షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు, వర్క్‌షాపులో ఏళ్ల తరబడి పని చేసిన మనిషి. ఎక్కువ మాట్లాడడు. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు: "ఉన్నయి ఎందుకు పని చేస్తలేవో చూసిన్రా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూడలేదు.

ఆయన టేపు తెమ్మన్నాడు. బండి ముందు భాగాన్ని ఎత్తి చక్రాలు వేలాడేలా పెట్టి కొలిచాడు. తరువాత దించి, నడిపేవాణ్ణి హెల్మెట్‌తో సహా సీట్లో కూర్చోబెట్టి, నాలుగైదుసార్లు ఊపి మళ్లీ కొలిచాడు. ఈ తేడాను శ్యాగ్ అంటారట. బండి తన బరువుకు, మనిషి బరువుకు ఎంత కుంగిందో ఆ లెక్క. ఇలాంటి నేల మీద తిరిగే బండికి చక్రం మొత్తం కదలికలో సుమారు మూడో వంతు కుంగి ఉండాలి. వీళ్ల ముందు చక్రం కదలిక తొమ్మిది అంగుళాలు. మూడు కుంగాలి. కుంగింది అర అంగుళం కూడా లేదు.

కుంగకపోతే మంచిదే కదా, గట్టిగా ఉందన్నమాట అని మేము అన్నాం. పెద్దాయన నవ్వాడు. "దిబ్బ వస్తే చక్రం పైకి పోవాలె. గుంత వస్తే కిందికి పోవాలె. ముందే కాళ్లు బార్లా చాపి నిలబడ్డోడు గుంతలకు కాలెట్ల పెడ్తడు?"

చక్రం కిందికి పోవడానికి చోటు లేకపోతే గుంత రాగానే అది గాలిలో తేలుతుంది. గాలిలో ఉన్న చక్రానికి స్టీరింగు వినదు, బ్రేకు పట్టదు. షాక్ ముఖ్యమైన పని మనకు మెత్తగా ఉంచడం అనుకుంటాం. దానికంటే పెద్ద పని చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడం.

ఇలా ఎందుకైంది? తవ్వితే బయటపడింది. స్టీరింగు రాడ్డు తగులుతోందని పిల్లలు షాక్ కింది కొసను చేతి మీద కొంచెం లోపలికి జరిపారు. ముందు చక్రం పది అంగుళాలు లేస్తే షాక్ ఏడు అంగుళాలు నొక్కుకునేది. జరిపాక ఆరే. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ ఈ లెక్కలో నిష్పత్తిని దానితోనే గుణించాలట. ఏడు పదులకు 49 శాతం, ఆరు పదులకు 36 శాతం. స్ప్రింగు అదే, దాని బలంలో చక్రానికి అందేది నాలుగో వంతు పైగా తగ్గిపోయింది. అందుకే దిబ్బ దిగితే అడుగు తగలడం మొదలైంది.

అప్పుడు పిల్లలు ఏం చేశారు? స్ప్రింగు కింది రింగు బిగించారు. బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని అనుకున్నారు. మనం కూడా మెకానిక్ దగ్గర "షాక్‌లు జర టైట్ చెయ్" అంటాం కదా. రింగు బిగిస్తే బండి ఎత్తు పెరుగుతుంది, అంతే. స్ప్రింగు గట్టిదనం ఇసుమంత మారదు. పైకి నిటారుగా, లోపల అదే మెత్తదనం. పెద్ద దెబ్బకు ఇంకా అడుగు తగులుతూనే ఉంది, పైగా ఇప్పుడు గుంతలో చక్రం దిగడం లేదు.

వెనక షాక్‌లది ఇంకో కథ. ఎవరో చిక్కటి నూనె అయితే గట్టిగా ఆపుతుందని పోశారు. ఆగింది, కానీ తిరిగి లేవడం కూడా ఆగింది. ఒక దెబ్బకు నొక్కుకున్న షాక్ మళ్లీ నిలబడేలోపే రెండో దెబ్బ, ఆ తరువాత మూడోది. ప్రతి గుంతకూ కొంచెం కొంచెం కుంగిపోతూ చివరకు పూర్తిగా కూర్చుండిపోయి కట్టెలా తయారవుతుంది. మరీ తొందరగా లేస్తే బండి గుర్రంలా తన్నుతుంది, మరీ నిదానంగా లేస్తే ఇలా కూలబడుతుంది. సరిగ్గా ఉన్న షాక్, దెబ్బ తిని, ఒక్కసారి తన చోటికి తిరిగొచ్చి, తరువాతి దెబ్బకు సిద్ధంగా ఉంటుంది.

ఆ మాట విన్నప్పుడు మాకు సంఘంలోని కొన్ని ఇళ్లు గుర్తొచ్చాయి. పంట పోయిన ఏడాదే ఆస్పత్రి ఖర్చు, అది తీరకముందే పెళ్లి అప్పు. వాళ్లు విశ్వాసం లేక కుంగలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య లేవడానికి సమయం దొరకలేదు. అలాంటి ఇంటికి వెళ్లి ధైర్యంగా ఉండండి అని బోధ చేసి వచ్చేస్తాం మనం. రింగు బిగించి వచ్చినట్టే అది. వాళ్లకు కావలసింది ఒక నెల బియ్యమో, ఆస్పత్రిలో ఒక రాత్రి తోడుండే మనిషో, లేచి నిలబడే కాస్త వ్యవధి.

సరే, షెడ్డుకు వద్దాం. పెద్దాయన ఒక వరుస చెప్పాడు. ముందు టైర్లలో గాలి. ఇలాంటి లావు టైర్లకు మన బైకుల్లో పెట్టే ఒత్తిడిలో నాలుగో వంతు చాలు. టైరే మొదటి స్ప్రింగు. తరువాత కీళ్లు, బుష్‌లు, బోల్టులు. అవి వదులుగా ఉంటే ఏ షాకూ కాపాడదు. ఆ తరువాత శ్యాగ్. ఆ తరువాత డ్యాంపింగ్. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చినది పుస్తకంలో రాయాలి, అదే దారిలో మళ్లీ నడిపి చూడాలి. ఇవన్నీ అయ్యాక కూడా చాలదనిపిస్తే అప్పుడు కొనడం.

పిల్లలు అలాగే చేశారు. ముందు రెండు స్ప్రింగులు మూడో వంతు పైగా గట్టివి హైదరాబాద్ బాలానగర్‌లో చుట్టించుకొచ్చారు, ఐదు వేల లోపే. రింగులు వదులు చేశారు. వెనక షాక్‌లు విప్పి, సీళ్లు మార్చి, చెప్పిన రకం పలచని నూనె పోశారు. ముందు భాగం వెనకదానికంటే నిదానంగా ఊగుతోందా లేదా అని కూడా చూసుకున్నారు. గుంత మొదట ముందు చక్రాలకు తగులుతుంది, తరువాత వెనకవాటికి. వెనకది కాస్త త్వరగా ఊగేలా ఉంటే రెండూ కలిసి ఒకేసారి సర్దుకుంటాయి, బండి ముందుకూ వెనక్కూ ఊయలలా ఊగదు. ఈ సంగతి 1930ల్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ అనే ఇంజినీరు తేల్చిందట.

ఎండిన చెరువు శిఖంలో పరీక్ష పెట్టినప్పుడు మేమూ వెళ్లాం. తమ్ముడి నాయిన కూడా వచ్చాడు. మేమే తీసుకెళ్లాం. కొడుకు దిబ్బ మీంచి దిగుతుంటే ఆయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఠక్ అనే చప్పుడు రాలేదు. చక్రాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, కొడుకు తల మాత్రం నిలకడగా ఉంది. ఆయన మా వైపు తిరిగి, "ఇంత పని చేస్తుండని నాకేం ఎరుక అయ్యగారూ" అన్నాడు. మాకూ ఎరుక లేదు. అడగకుండానే తీర్పు చెప్పినవాళ్లం మేము.

చిన్నబిడ్డ ఫీజు కట్టారు. తమ్ముడి వాటాకు ఎనిమిది వేలు అయింది. అందులో సగం నాయిన ఇచ్చాడు, సగం వేసవిలో ట్యూషన్ చెప్పి తీర్చాడు.

పీతంపూర్‌లో గెలిచారా అని అడుగుతారు. లేదు. నాలుగు గంటల పందెంలో మూడు గంటలు దాటాక ఒక కీలు విరిగి బండి ఆగిపోయింది. ఆ రాత్రి ఫోన్ చేసి, "షాక్‌లు నిలబడ్డయి అయ్యగారూ, ఇంకోటి పోయింది" అని కాసేపు ఏడ్చాడు, కాసేపు నవ్వాడు. వచ్చే ఏడు జూనియర్లకు ఏం చెప్పాలో ఆ పుస్తకంలో అప్పటికే రాసుకున్నాడు. నడుముకు ఏమీ కాలేదు. మా ప్రార్థనలో మొదటి మాట అదే.

మన ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి పునాది కింద ఇసుక నింపారని, నేల కదిలితే ఆ కుదుపు ఇసుకలో సర్దుకుంటుందని చెబుతారు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. 2024 డిసెంబరు 4న పొద్దున ములుగు వైపు భూమి కంపించి మనమంతా ఇళ్లలోంచి బయటికి పరుగెత్తామే, ఆ రోజు మాకు ఆ ఇసుక గుర్తొచ్చింది. కదలని నేల దొరకదని కట్టినవాళ్లకు తెలుసు. అందుకే కదలికకు పునాదిలోనే చోటు వదిలారు.

ప్రియులారా, గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం లూకా 14వ అధ్యాయంలో ఉంది. దాన్ని మేము ఎప్పుడూ డబ్బు జాగ్రత్త గురించే చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ "కూర్చుని" అన్న దగ్గర ఆగుతున్నాం. కూర్చోవాలి, కొలవాలి, ఉన్నది ఎందుకు పని చేయడం లేదో అడగాలి. ఇల్లు బాగాలేదని ఇంకో ఊరు, సంఘం బాగాలేదని ఇంకో సంఘం, భార్యాభర్తల మధ్య మాట కుదరడం లేదని ఇంకో ఇల్లు వెతికే ముందు, ఎక్కడ ఏం జరిపాం, ఎక్కడ ఏం బిగించాం అని చూసుకోవాలి. చూశాక కూడా మార్చాల్సింది మార్చాల్సిందే. ఓపిక పట్టమని చెప్పి పాడైనదాన్ని మోయించడం భక్తి అనిపించుకోదు. పాస్టరమ్మ నడుమే అందుకు సాక్షి.

ఆ వారమే మా బండి షాక్‌లు రెండూ కొత్తవి వేయించాం. మీ బండి కూడా ఒకసారి చూసుకోండి. షాక్ గొట్టం మీద నూనె తడి కనిపిస్తే సీలు పోయినట్టే. వెనక సీటు గట్టిగా నొక్కి వదలండి, ఒకసారి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే అది పని అయిపోయింది. చాలా బైకులకు వెనక స్ప్రింగు కింద మెట్లున్న రింగు ఉంటుంది, ఇద్దరు ఎక్కే బండికి, ఒక్కరే ఎక్కే బండికి వేరు వేరు మెట్టు. టైరు గాలి వారానికోసారి చూడండి. బండి మీద భార్యను, పసిపిల్లలను, ముసలి తల్లిని కూర్చోబెట్టుకుని ఈ రోడ్ల మీద తిరిగేవాళ్లం మనం. ముందు కూర్చున్నవాడికి గుంత కనపడుతుంది, కాళ్ల మీద లేచి తప్పించుకుంటాడు. వెనక కూర్చున్నవాళ్లకు దెబ్బే తెలుస్తుంది.

ఆ మాట రాస్తుంటే మాకు మళ్లీ ఆ ఆదివారం ప్రసంగం గుర్తొస్తోంది. బండి తోలినట్టే మేము ముందు కూర్చుని మాట్లాడాం, దెబ్బ వెనక బెంచీలో ఉన్న పిల్లవాడికి తగిలింది. తమ్ముడు ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు, ఇది చదువుతాడు. తమ్ముడూ, ఆ రోజు షెడ్డులో నలుగురి ముందు అడిగాం. అన్నది మాత్రం సంఘం ముందు కదా. అందుకే ఇప్పుడు సంఘం ముందు అడుగుతున్నాం. మమ్మల్ని క్షమించు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మా బండి రింగు ఏ మెట్టు మీద ఉండాలో చూసి పో. పాస్టరమ్మ కొంచెం వెనక్కి జరిగి కూర్చుంటోంది ఈ మధ్య.